కొలబద్ద చేతులు మారిన కథ

మన ఇళ్ళల్లో కాఫీ ఇచ్చే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: "మీకు వితౌటా?" దేనికి వితౌటో ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. పెళ్ళిళ్ళలో అయితే కాఫీలు పట్టుకొచ్చే కుర్రాడు "ఈ వరసలో వితౌట్లు ఎన్నండీ?" అని ముందే లెక్క రాసుకుంటాడు. చేతులెత్తేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు, వాళ్ళ వయసేమో తగ్గుతూ వస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఒకటి 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్ల మంది. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు ఇంకో 13.6 కోట్లు.

ఇంతమందికి ఉన్న జబ్బు కదా, దాని సంగతులన్నీ మనకి తెలుసనే అనుకుంటాం. నేను డాక్టర్ని కాను, ఏం తినాలో ఏ మందు వేసుకోవాలో చెప్పే అర్హత నాకు లేదు. పొట్టకూటికి కంప్యూటర్లతో కుస్తీ పడుతూ, తీరిక దొరికినప్పుడు చరిత్ర పుస్తకాలు తిరగేసే మనిషిని. అలా చదువుతుంటే ఒక ప్రశ్న పట్టుకుంది. వందేళ్ళ క్రితం ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాదో రెండేళ్ళో బతికేవాళ్ళు. అదే జబ్బుతో ఇవాళ కొందరు ఎనభై ఏళ్ళు బతుకుతున్నారు. మధ్యలో ఏం జరిగింది?

ఇన్సులిన్ కనిపెట్టారు, అంతేగా అంటారు. అది సగం జవాబే. మిగతా సగం గురించి అంతగా ఎవరూ చెప్పుకోరు. ఒంట్లో చక్కెర ఎంతుందో కొలిచే కొలబద్ద, చాలా నెమ్మదిగా, ఎన్నో అభ్యంతరాల మధ్య, డాక్టరు చేతిలోంచి రోగి చేతిలోకి వచ్చింది. ఈ వ్యాసం ఆ కొలబద్ద గురించి.

మొట్టమొదటి కొలబద్దలు చీమలు. మూత్రానికి చీమలు పడితే అది మధుమేహమని మన పాత వైద్యులు గుర్తుపట్టారు. మధువు అంటే తేనె, మేహం అంటే మూత్రం, పేరులోనే రోగ లక్షణం ఉంది. సుశ్రుతుడు ఇందులో రెండు రకాలు చెప్పాడు: పుట్టుకతో వచ్చేది ఒకటి, తిండీ నడవడీ సరిగ్గా లేక వచ్చేది ఇంకొకటి. మొదటి రకంవాళ్ళు బక్కచిక్కి ఉంటారనీ, రెండో రకంవాళ్ళు ఒళ్ళు చేసి, తిండి మీదా పడక మీదా మక్కువతో ఉంటారనీ కూడా రాశాడు. ఇవాళ్టి టైప్ 1, టైప్ 2 విభజనకి ఇది అచ్చంగా సమానం కాకపోయినా, ఆ చూపు మాత్రం మెచ్చుకోదగ్గదే. ఆయన చెప్పిన వైద్యంలో ఊరూరూ కాలినడకన తిరగడం, బావి తవ్వడం వంటివి ఉన్నాయి. చెప్పుల్లేకుండా నడవమన్నాడు, ఆ ఒక్క సలహా మాత్రం ఈ కాలపు డాక్టర్లు ఒప్పుకోరు. షుగరున్నవాళ్ళకి కాలి పుండు ఎంత ప్రమాదమో మనకిప్పుడు తెలుసు.

పడమటి దేశాల్లో చీమల పని డాక్టర్లే చేశారు. 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు రోగుల మూత్రం రుచి చూసి తియ్యగా ఉందని రాశాడు. 1776లో మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని మరగబెట్టి ఆవిరి చేసి, అడుగున మిగిలింది చక్కెరేనని తేల్చాడు. రక్తమూ తియ్యగా ఉంటుందని చెప్పిందీ ఆయనే. 1889లో జర్మన్ వైద్యులు మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. దాంతో దోషం ఎక్కడుందో తెలిసింది. అయితే ఇన్నాళ్ళూ తెలుసుకున్నవాడు వైద్యుడు, జబ్బుపడ్డవాడు రోగి. చక్కెర ఎంతుందో చెప్పడం, విని తలూపడం, అంతవరకే వాళ్ళ సంబంధం.

ఇన్సులిన్‌కి ముందు చివరి పదేళ్ళూ ఘోరమైనవి. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు ఒక పద్ధతి పెట్టాడు. తిన్నది చక్కెరగా మారి ఒంటిని చంపుతోంది కాబట్టి తిండే తగ్గించెయ్యాలి. పస్తు పెట్టి, మూత్రంలో చక్కెర కనబడకుండా పోయాక, ఎంత తింటే మళ్ళీ కనబడదో అంతే పెట్టాలి. క్రూరంగా ఉంది కదూ? కానీ ఆ రోజుల్లో ఆయుష్షుని కొన్ని నెలలో, కొన్నేళ్ళో పొడిగించిన మార్గం అదొక్కటే. ఆకలితో చస్తారా, చక్కెరతో చస్తారా అన్నదే ఎంపిక.

ఆ మార్గాన నడిచినవాళ్ళలో ఎలిజబెత్ హ్యూస్ ఒకామె. తండ్రి చార్ల్స్ ఎవాన్స్ హ్యూస్ న్యూయార్క్ గవర్నరుగా చేసి, తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయినవాడు. 1919లో, పదకొండేళ్ళ వయసులో ఆ అమ్మాయికి జబ్బు బయటపడింది. మూడేళ్ళపాటు ప్రతి ముద్దా తూచి తింది. 1922 ఆగస్టు నాటికి ఆమె బరువు 45 పౌన్లు, అంటే 20 కిలోలు. పదిహేనో ఏడు నిండబోతున్న పిల్ల!

అక్కడికి కొన్ని నెలల ముందు, 1922 జనవరి 11న, టొరంటో జనరల్ హాస్పిటల్లో లెనర్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. పెద్దగా పని చెయ్యలేదు. జేమ్స్ కాలిప్ మందుని ఇంకా శుద్ధి చేశాక, జనవరి 23న మళ్ళీ ఇస్తే పని చేసింది. అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు, వాళ్ళకి చోటిచ్చిన మెక్లౌడ్, ఈ కథంతా మీకు తెలిసే ఉంటుంది. 1923లో నోబెల్ బహుమతి బాంటింగ్, మెక్లౌడ్‌లకి ఇచ్చారు. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కీ, మెక్లౌడ్ తన సగం కాలిప్‌కీ పంచారు. పేటెంటు హక్కుల్ని టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకి రాసిచ్చేశారు.

1922 ఆగస్టులో ఎలిజబెత్ టొరంటో చేరింది. బాంటింగ్ స్వయంగా ఇన్సులిన్ మొదలుపెట్టాడు. కొన్ని వారాల్లో అమ్మాయి రొట్టే బంగాళదుంపలూ తింటూ కోలుకుంది. తర్వాత కాలేజీ చదువు, పెళ్ళి, ముగ్గురు పిల్లలు, అమెరికా సుప్రీం కోర్టు చరిత్ర సంఘం స్థాపన. 1981లో 73 ఏళ్ళ వయసులో పోయింది. మొత్తం మీద సుమారు 42,000 ఇంజెక్షన్లు తీసుకుని ఉంటుందని లెక్క. ఒక విచిత్రం ఏమిటంటే, తనకీ జబ్బు ఉన్న సంగతి అతి దగ్గరివాళ్ళకి తప్ప ఆమె ఎవరికీ తెలియనివ్వలేదు. తండ్రి పేరు దేశమంతా మోగినా, ఆమె జబ్బు ఊసు మాత్రం బయటికి రాకూడదు. ఇది మనకి కొత్తేం కాదు. పెళ్ళి సంబంధం చెడుతుందని ఆడపిల్లకి షుగరున్న సంగతి దాచే ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు?

ఇన్సులిన్‌తో కథ అయిపోయిందని పత్రికలు రాశాయి. బాంటింగ్ మాత్రం అలా అనుకోలేదు. ఇది జబ్బుని నయం చేసేది కాదు, నెట్టుకొచ్చేది మాత్రమే అని తన నోబెల్ ప్రసంగంలో స్పష్టంగా చెప్పాడు. ఆ మాట ఎంత నిజమో పదిహేను, ఇరవై ఏళ్ళకి తెలిసింది. చావు తప్పించుకున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అప్పుడు కళ్ళు పోవడం మొదలైంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, కాళ్ళు మొద్దుబారాయి. చక్కెర సరిగ్గా అదుపులో లేక ఇలా అవుతోందా, లేక ఏం చేసినా ఈ జబ్బు చివరికి అక్కడికే తీసుకెళ్తుందా? ఈ ప్రశ్న మీద డాక్టర్లు దాదాపు యాభై ఏళ్ళు తగువులాడుకున్నారు.

ఒక పక్షానికి పెద్ద దిక్కు బోస్టన్‌లోని ఎలియట్ జాస్లిన్. షుగరున్న మనిషి తన జబ్బుకి తానే కాపలాదారు కావాలి, అందుకు చదువు చెప్పాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఇన్సులిన్ రాక ముందే, 1918లో, డాక్టర్లకీ రోగులకీ కలిపి ఒక చేతి పుస్తకం రాశాడు. తిండి, ఇన్సులిన్, వ్యాయామం అనే మూడు గుర్రాలు లాగే రథం లాంటిదీ బతుకు అనేవాడు, పగ్గాలు రోగి చేతిలోనే ఉండాలి. అవతలి పక్షంలో న్యూయార్క్‌కి చెందిన ఎడ్వర్డ్ టాల్‌స్టాయ్ లాంటివాళ్ళున్నారు. బాధలేమీ లేకపోతే చాలు, ఇష్టమైంది తిననివ్వండి, మూత్రంలో చక్కెర పడినా పడనివ్వండి, రోగిని లెక్కలతో వేపుకుతినకండి అన్నది వాళ్ళ వాదం. ఆ వాదాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. అప్పటికి చక్కెర అదుపు వల్ల లాభముందని రుజువు లేదు, బాధ మాత్రం కళ్ళెదుట ఉంది.

జాస్లిన్ 1940ల చివర్లో ఒక పని చేశాడు. షుగరుతో 25 ఏళ్ళు ఉపద్రవాలేమీ లేకుండా బతికినవాళ్ళకి పతకాలివ్వడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన పేరున్న సంస్థ 1970 నుంచి 50 ఏళ్ళకీ, ఇంకా తర్వాత 75, 80 ఏళ్ళకీ పతకాలిచ్చింది. జబ్బుతో పోరాడి చనిపోయినవాళ్ళకి కాదు, జబ్బుతో కాపురం చేసి బతికినవాళ్ళకి! నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది. ఈ శతాబ్దంలో అదే సంస్థ ఆ 50 ఏళ్ళ పతకధారుల్ని పిలిచి పరీక్షించింది. వాళ్ళలో చాలామందికి అన్నేళ్ళ తర్వాత కూడా తీవ్రమైన కంటి జబ్బు గానీ కిడ్నీ జబ్బు గానీ లేదు. ఏం చేసినా చివరికి అంతే అన్న మాటకి ఈ మనుషులే జవాబు.

ఎలిజబెత్ దాచుకుంటే, రాబిన్ లారెన్స్ దానికి పూర్తిగా తిరగబడ్డ మనిషి. లండన్‌లో కుర్ర సర్జను. 1920లో ఎముక చెక్కుతుంటే పెచ్చు ఎగిరి కంట్లో పడి, దానికి వైద్యం చేస్తుంటే మధుమేహం బయటపడింది. ఇక ఎక్కువ రోజులు లేవని తెలిసి, ఇంట్లోవాళ్ళ కళ్ళముందు పోవడం ఇష్టంలేక ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్ళిపోయాడు. 1923 మేలో లండన్ నుంచి స్నేహితుడి కబురు అందింది: ఇన్సులిన్ వచ్చింది, పని చేస్తోంది, త్వరగా వచ్చెయ్. నీరసించిన ఒంటితో కారు నడుపుకుంటూ యూరప్ దాటి లండన్ చేరాడు. బతికాడు. బతికి ఊరుకోలేదు, 1925లో రోగులకి అర్థమయ్యేలా 'ది డయాబెటిక్ లైఫ్' అనే పుస్తకం రాశాడు. 1934లో రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి షుగరున్నవాళ్ళ సంఘం పెట్టాడు. వెల్స్‌కీ షుగరుండేది, ఆయన ఆసుపత్రిలో లారెన్స్ దగ్గర వైద్యం చేయించుకునేవాడు. రోగులూ డాక్టర్లూ ఒకే సంఘంలో ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం అప్పటికి కొత్త. ఆ సంఘమే ఇవాళ్టి డయాబెటిస్ యూకే. లారెన్స్ 1968 వరకూ జీవించాడు.

రోగి తన చేతుల్లోకి తీసుకోవడం అంటే ఎంతదాకా పోగలదో చూపించినామె ఎవా సాక్స్‌ల్. చెకోస్లొవేకియా నుంచి నాజీల బారి తప్పించుకుని భర్త విక్టర్‌తో షాంఘై చేరిన యూదు మహిళ. అక్కడే ఆమెకి మధుమేహం బయటపడింది. 1941 చివర్లో జపాన్ సైన్యం నగరాన్ని పూర్తిగా ఆక్రమించాక మందుల షాపులు మూతబడ్డాయి, ఇన్సులిన్ దొరకలేదు. భార్యాభర్తలు ఒక వైద్య పాఠ్యపుస్తకంలో ఇన్సులిన్ తయారీ గురించి చదివి, ఒక చైనా రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో చోటు సంపాదించి, గేదెల క్లోమాల నుంచి మందు తీశారు. గోధుమ రంగులో ఉండేదట. కుందేళ్ళ మీద పరీక్షించి, ఆ తర్వాత ఎవా తన ఒంట్లోకే మొదట ఎక్కించుకుంది. పని చేసింది. యుద్ధం ముగిసేదాకా చుట్టుపక్కల షుగరున్నవాళ్ళందరికీ అదే ప్రాణాధారం. ఎవా 2002 వరకూ ఉంది.

ఇప్పుడు కొలబద్ద దగ్గరికొద్దాం. ఇన్నేళ్ళూ ఇంట్లో చక్కెర చూసుకునే మార్గం ఒక్కటే, మూత్రం. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ళకి బెనిడిక్ట్ ద్రావణం గుర్తుండే ఉంటుంది. నీలం రంగు ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి వేడి చేస్తే చక్కెరని బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుకరంగు. మనం ప్రాక్టికల్ మార్కుల కోసం ఒక్కసారి చేసిన ఆ పరీక్షని, ఒక తరం మనుషులు స్పిరిట్ దీపం పెట్టుకుని రోజుకి మూడు నాలుగు సార్లు చేసుకుంటూ బతికారు. తర్వాత మాత్రలూ, 1956లో ముంచి చూసే కాగితపు పట్టీలూ వచ్చాయి. కానీ మూత్రం చెప్పేది పాత వార్త. రక్తంలో చక్కెర 180 దాటితే గానీ అది మూత్రంలో పడదు, పడినా అది గడిచిన కొన్ని గంటల సంగతి. ఇక చక్కెర పడిపోతే ఎంత పడిందో అది అసలు చెప్పనే చెప్పదు. అద్దం లేని కారుని వెనక్కి నడిపినట్టే.

1965లో రక్తపు చుక్కతో చూసే పట్టీ వచ్చింది. దాని రంగుని చదివే మీటరు కొద్ది ఏళ్ళకే తయారైంది. అది డాక్టర్లకీ ఆసుపత్రులకీ తప్ప అమ్మేవాళ్ళు కాదు. అత్యవసర విభాగానికి స్పృహలేని మనిషిని తీసుకొస్తే, తాగి పడ్డాడా, షుగరు వల్ల పడ్డాడా అని అర్ధరాత్రి తేల్చుకోవడానికి పనికొస్తుందని చెప్పేవారు. రిచర్డ్ బర్న్‌స్టీన్ అనే ఇంజినీరు 1969లో దాని ప్రకటన చూశాడు. పన్నెండేళ్ళకే టైప్ 1 వచ్చినవాడు, ముప్పై అయిదేళ్ళకే కిడ్నీలు దెబ్బతినడం మొదలైనవాడు. వెల 650 డాలర్లు, బరువు మూడు పౌన్లు. రోగికి అమ్మం అన్నారు. ఆయన భార్య డాక్టరు, అందుకని ఆవిడ పేరు మీద తెప్పించుకున్నాడు.

ఇక్కడ ఇంజినీరు బుద్ధి పని చేసింది. రోజుకి అయిదారు సార్లు వేలు పొడుచుకుని అంకెలు రాసుకున్నాడు. ఏం తింటే ఎంత పెరుగుతోంది, ఎంత ఇన్సులిన్‌కి ఎంత తగ్గుతోంది, ఒక్కసారి ఒక్కటే మార్చి చూశాడు. మనం ప్రోగ్రాములో తప్పు వెతికే పద్ధతే. అప్పటిదాకా రోజుకొక్కసారి తీసుకునే ఇన్సులిన్‌ని చిన్న చిన్న మోతాదులుగా విడగొట్టాడు. కొన్నేళ్ళలో ఆరోగ్యం కుదుటపడింది. దీన్ని వ్యాసంగా రాసి వైద్య పత్రికలకి పంపితే తిప్పి పంపారు. రోగులు తమ రక్తం తాము పరీక్షించుకోవడమేమిటి అన్నారు. ఇంజినీరు మాట వినకపోతే డాక్టరునే అవుతానని 1979లో, 45 ఏళ్ళ వయసులో, వైద్య కళాశాలలో చేరాడు. 1983లో పట్టా తీసుకున్నాడు. ఆయన చెప్పిన అతి తక్కువ పిండిపదార్థాల తిండిని అందరు డాక్టర్లూ ఒప్పుకోరు, అది వేరే చర్చ. వేలు పొడుచుకుని చూసుకోవడం మాత్రం ఇవాళ ప్రపంచమంతా చేస్తోంది. ఆయన 2025లో, 90 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

తగువు తీరాలంటే ఇంకో కొలబద్ద కావాల్సొచ్చింది. 1968లో టెహరాన్‌లో సామ్యూల్ రహ్బర్ అనే శాస్త్రవేత్త షుగరున్నవాళ్ళ రక్తంలో ఒక రకం హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటం గమనించాడు. రెండు మూడు నెలల సగటు చక్కెరని అది పట్టిస్తుందని తర్వాతి దశాబ్దంలో తేలింది. మనవాళ్ళు ఇప్పుడు "మూడు నెలల షుగర్" అంటున్న హెచ్‌బీఏ1సీ ఇదే. ఆ కొలబద్దతో అమెరికా, కెనడాల్లో 1983లో డీసీసీటీ అనే పెద్ద పరిశోధన మొదలైంది. టైప్ 1 ఉన్న 1,441 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మామూలు వైద్యం, రెండో జట్టుకి రోజుకి అనేకసార్లు కొలుచుకుని ఇన్సులిన్ సర్దుకునే వైద్యం ఇచ్చారు. 1993లో ఫలితాలొచ్చాయి. రెండో జట్టులో కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం, నరాల జబ్బు 60 శాతం, కిడ్నీ జబ్బు 50 శాతం తగ్గాయి. జాస్లిన్ పోయిన ముప్పై ఒక్క ఏళ్ళకి ఆయన వాదం గెలిచింది. 1998లో బ్రిటన్‌లో 5,102 మందితో చేసిన ఇరవై ఏళ్ళ అధ్యయనం టైప్ 2లోనూ చక్కెర అదుపు పనికొస్తుందనీ, బీపీని అదుపులో పెట్టడం కూడా అంతే ముఖ్యమనీ చెప్పింది.

మనలో చాలామందికి వచ్చేది టైప్ 2 కాబట్టి మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. "సన్నగానే ఉన్నాను, నాకు షుగరేమిటి?" అనే మాట మీరు వినే ఉంటారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తల ఫొటో అచ్చయింది. పుణెకి చెందిన యాజ్ఞిక్, లండన్‌కి చెందిన యుడ్కిన్. ఎత్తుకి తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మన కొవ్వు పైకి కనబడదన్నమాట. అందుకే అమెరికా డయాబెటిస్ సంఘం 2015 నుంచి ఆసియా వాళ్ళకి బీఎంఐ 23 ఉన్నా పరీక్ష చేయించమంటోంది. అలాగని అంతా పుట్టుక మీదకే నెట్టెయ్యలేం. తెలుగువాళ్ళు కూడా తరతరాలుగా ఉన్న మారిషస్‌లో 1987లో సర్వే చేస్తే, భారత సంతతిలోనే కాదు, చైనా సంతతిలో, క్రియోల్ జనంలో కూడా షుగరు బాగా ఎక్కువగా కనబడింది. మారింది బతుకుతీరు. దాన్ని కొంత తిప్పొచ్చు కూడా. చెన్నైలో రామచంద్రన్ బృందం షుగరు గుమ్మం దగ్గరున్న 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండీ నడకా మార్చుకున్నవాళ్ళకి షుగరు వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది.

మరి ఎంత తక్కువుంటే అంత మంచిదా? కాదు. ఇది మనవాళ్ళకి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనం ఏ అంకెనయినా ఎంసెట్ ర్యాంకులా చూస్తాం. అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా టైప్ 2 ఉన్న పెద్దవయసు వాళ్ళ మీద అకార్డ్ అనే పరిశోధన జరిగింది. ఏ1సీని 6 కంటే కిందికి దింపాలని పట్టుబట్టిన జట్టులో మరణాలు ఎక్కువ కావడంతో 2008లో ఆ భాగాన్ని ఆపేశారు. డీసీసీటీలో కూడా చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం గట్టి వైద్యం జట్టులో మూడు రెట్లు ఎక్కువ. ఇరవై ఏళ్ళ పిల్లకి తగిన లక్ష్యం ఎనభై ఏళ్ళ తాతగారికి తగదు. కొలబద్ద దారి చూపడానికి. అది ప్రోగ్రెస్ కార్డు కాదు.

చివరి మలుపు మా వృత్తివాళ్ళది. చర్మానికి అంటించుకునే సెన్సర్లు వచ్చాక చక్కెర అంకె అయిదేసి నిమిషాలకి తెలిసే రోజులొచ్చాయి, కానీ ఆ అంకె తయారీదారు ఇచ్చిన చిన్న డబ్బాలోనే కనబడేది. 2013లో అమెరికాలో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బడికెళ్ళే తన చిన్న కొడుకు చక్కెర ఆఫీసు నుంచి చూసుకోవాలని, ఆ డబ్బాలోంచి అంకెలు బయటికి లాగే ప్రోగ్రాము రాసుకున్నాడు. ఇతర తల్లిదండ్రులు చేరి దాన్ని నైట్‌స్కౌట్‌గా మార్చి అందరికీ ఉచితంగా ఇచ్చారు. టైప్ 1 ఉన్న డేనా లూయిస్, స్కాట్ లీబ్రాండ్‌తో కలిసి ఇంకో అడుగు వేసింది. నిద్రలో అలారం వినబడక భయపడే ఆమె, సెన్సర్ అంకెని బట్టి పంపు ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో లెక్కగట్టే పద్ధతి తయారు చేసి 2015లో అందరి ముందూ పెట్టింది. కంపెనీ చేసిన ఆ తరహా మొదటి యంత్రానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది 2016లో. రోగులు ఆగలేదు.

ఈ కథలో చేదు కూడా ఉంది. ఒక్క డాలరుకి రాసిచ్చిన మందు, రకాలు మారి, 1996లో సీసా 21 డాలర్లకి అమ్మినది, 2010ల చివరికి 275 దాకా పోయింది. కొనలేక మోతాదు తగ్గించుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఈ సంపన్న దేశంలోనే ఉన్నారు. 2023 నుంచి పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమాలో నెలకి 35 డాలర్ల పరిమితి పెట్టారు, కంపెనీలు కూడా ధరలు దించాయి. మన దేశంలో టైప్ 1 పిల్లల తల్లిదండ్రులకి ఇన్సులిన్ కంటే కొలుచుకునే పట్టీల ఖర్చే ఎక్కువ భారమయ్యే సందర్భాలున్నాయి. కొలబద్ద చేతికి రావడమంటే కొనగలగడం కూడా.

ఆఖరుగా ఒక్క మాట. ఇక్కడినుంచి ఊరెళ్ళేటప్పుడు సూట్‌కేసులో బాదంపప్పు పక్కన గ్లూకోమీటరు పెట్టుకెళ్ళే తరం మాది. ఆదివారం ఫోనులో "నాన్నా, షుగరెంతుంది?" అని అడుగుతాం. "బాగానే ఉందిలేరా" అంటారు. ఆ మాటకి అంకె ఉండదు. ఇప్పుడు సెన్సర్లొచ్చాక అమ్మ ఒంట్లో చక్కెర డల్లాస్‌లో కొడుకు ఫోనులో కనబడుతోంది. మంచిదే, ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. కానీ రెండు ముద్దలు పులిహోర ఎక్కువ తిన్నారని సముద్రం అవతలినుంచి ఫోను మోగితే, ఆ తల్లి ఏం చేస్తుంది? సెన్సర్ పీకి పక్కన పెడుతుంది, లేదా తినడం దాచుకుంటుంది. డాక్టరు చేతిలోంచి రోగి చేతికి రావడానికి వందేళ్ళు పట్టిన కొలబద్ద, ప్రేమ పేరుతో కొడుకు చేతికి జారిపోయినట్టే.

లారెన్స్, ఎవా, బర్న్‌స్టీన్, ఆ పతకాలు అందుకున్న పెద్దవాళ్ళు, వీళ్ళలో ఎవరి అంకెనీ ఇంకొకళ్ళు కాపలా కాయలేదు. ఆ అంకెకి అర్థం ఏమిటో వాళ్ళకి తెలుసు, దాంతో ఏం చెయ్యాలో తెలుసు. అందుకని "ఎంతుంది?" అని అడగడం కంటే "ఏం తింటే పెరుగుతోందో కనిపెట్టావా అమ్మా?" అని అడగడం మేలనిపిస్తుంది నాకు. మొదటి ప్రశ్నకి అంకె చాలు. రెండోదానికి ఆవిడ తన ఒంటి గురించి తనకి తెలిసింది మనకి చెప్పాలి, మనం కూర్చుని వినాలి.